కుడి రెక్క ఒరిజినల్ కాదు

మా ఆవిడ నాతో అన్న మొట్టమొదటి మాట "చేతులు కడుక్కున్నారా?"

అప్పటికింకా ఆమె మా ఆవిడ కాదు. ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని మా షాపు కౌంటర్ ముందు కూర్చున్న కస్టమర్. నేను పాత బొమ్మలకీ మోడళ్లకీ నాణ్యత చూసి సర్టిఫికెట్ రాసిచ్చే మనిషిని. ఆరేళ్ల సర్వీసులో నా చేతుల గురించి ఎవరూ అడగలేదు.

"కడుక్కున్నానండీ. గ్లవ్స్ కూడా వేసుకుంటాను."

"ముందు వేసుకోండి. తర్వాత పెట్టె ఇస్తాను."

వేసుకున్నాను. పెట్టెలోంచి ఒక అంతరిక్ష నౌక బయటికొచ్చింది. ముప్పై ఏళ్ల కిందట టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్లోది. మూరెడు పొడుగు, మీగడ రంగుకు తిరిగిన తెల్ల ప్లాస్టిక్, వెనక రెండు రెక్కలు, పొట్ట పొడవునా మెంతిగింజలంత కిటికీలు. ఈ మోడల్ ఐదొందలే చేశారు. నా గుండె ఒక్కసారి లయ తప్పింది. నౌకని చూసే తప్పిందని అప్పుడు అనుకున్నాను.

"మా నాన్నది. వచ్చే నెల మోడళ్ల ఎగ్జిబిషన్లో పెడతారు. మీ సర్టిఫికెట్ తెమ్మన్నారు," అంది.

ఫారంలో వృత్తి అన్నచోట డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్ అని రాసింది.

"అంటే పళ్లు పీకుతారా?"

"పీకేది డాక్టర్లు. నేను కట్టుడు పళ్లు చేస్తాను. ఎవరి నోటికి ఏ తెలుపు నప్పుతుందో చూసి."

"తెలుపులో రకాలుంటాయా?"

"మీ పై వరసా కింది వరసా ఒకే రంగు అనుకుంటున్నారా?"

అక్కడి నుంచి నోరు మూసుకుని పనిచేశాను. భూతద్దంతో అతుకులు చూశాను. స్టిక్కర్ల అంచులు చూశాను. బరువు తూచాను. అన్నీ అద్భుతంగా ఉన్నాయి. చివరగా గదిలో దీపాలార్పి నీలి లైటు వేశాను. తర్వాత అతికించినవేమైనా ఉంటే దానికింద బయటపడతాయి.

నౌకంతా మసకగా ఉండిపోయింది. కుడి రెక్క మాత్రం తెల్లగా, చీకట్లో ఎవరో నవ్వినట్టు మెరిసింది. పళ్లు మెరిసినట్టే.

తలెత్తాను. ఆమె నౌకని చూడటంలేదు, నన్ను చూస్తోంది. బ్యాగు పట్టీని రెండు చేతులా నలిపేస్తోంది.

"ఏమైనా కనిపించిందా?"

"ఏమీ లేదండీ. అన్నీ ఒరిజినల్."

ఆరేళ్లలో నా మొదటి అబద్ధం. సర్టిఫికెట్ రాసి, కృతజ్ఞత నిండిన ఒక చూపు కోసం ఎదురుచూస్తూ ఆమె చేతిలో పెట్టాను. చదివి, మొహం వేలాడేసింది.

"మీకు కనపడింది. మీ కళ్లు ఆ రెక్క దగ్గరే ఆగిపోయాయి. నేను చూశాను."

నేను భూతద్దాన్ని సొరుగులో పెట్టేశాను.

"నాన్న కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉన్నప్పుడు దుమ్ము దులుపుతూ విరగ్గొట్టాను. పొడిపొడి అయిపోయింది. ల్యాబ్‌లో కూర్చుని కొత్తది చేశాను. కట్టు విప్పాక నాన్న ఏమన్నారో తెలుసా? కళ్లు బాగయ్యాక నా ఓడ ఇంకా అందంగా కనపడుతోందమ్మా అన్నారు. ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ నోరు పెగల్లేదు."

"అందుకేనండీ నేను కూడా..."

"మీరు పట్టుకుంటారనే తెచ్చాను. మీ కాగితంలో ఉంటే చెప్పక తప్పదు కదా అని. మీరేమో దయ చూపించారు." పెట్టె సర్దుకుని లేచింది. "దయ చూపించేవాళ్లు నాకు చాలామంది ఉన్నారండీ. చూసింది చూసినట్టు రాసే మనిషి కోసం వచ్చాను."

వెళ్లిపోయింది. బయట వాన మొదలైంది. నేను మొదటి కాపీని రద్దు చేసి ఇంకో సర్టిఫికెట్ రాశాను. గొడుగు తీసుకుని పరిగెత్తాను.

బస్‌స్టాప్‌లో చూరు కిందికి నౌకని జరిపి, తను జల్లులో నిలబడి ఉంది.

"మీ గొడుగు నాకక్కర్లేదు."

"మీక్కాదు, నౌకకి."

కొత్త కాగితం ఇచ్చాను. పైకే చదివింది. "కుడి రెక్క ఒరిజినల్ కాదు. తర్వాత చేసి అమర్చినది. పనితనం అసాధారణం." ఆగింది. "ఆఖరిది దయతో రాశారా?"

"కాదండీ. అది కూడా చూసి రాసిందే."

రెండు బస్సులు వచ్చి వెళ్లాయి.

"నాన్న ఆరింటికి డ్యూటీ దిగుతారు," అంది చివరికి. "ఒక్కదాన్నే చెప్పలేను. కాస్త రాగలరా?"

వాళ్ల నాన్నగారు లిఫ్ట్ మెకానిక్. చొక్కా చేతులకి గ్రీజు. కాగితాన్ని రెండుసార్లు చదివి, నౌకని కంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నువ్వు చేశావా?"

"ఊ."

"ఎనిమిది నెలలు ఎదురెదురుగా కూర్చుని భోంచేశాం."

"భయమేసింది నాన్నా."

"నేనేం రాక్షసుణ్ణా?"

"కాదు. మీరేమీ అనరు. ఏమీ అనకుండా బాధపడతారు. అదే నా భయం."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ రెక్క మీద వేలితో ఒకసారి రాసి నావైపు తిరిగారు.

"లిఫ్టులో పార్టు మారిస్తే ఎవరు మార్చారో పేరు రాస్తాం. ఇందులో పేరు లేదేం? మా అమ్మాయి పేరు రాయండి."

"రాస్తానండీ. కానీ ఒరిజినల్ కాదు కాబట్టి ఎగ్జిబిషన్లో మధ్యనుండే అద్దాల పెట్టెలో పెట్టరు."

"మూల పెట్టుకోమనండి. పేరు కనపడితే చాలు." కాగితం మళ్లీ చూశారు. "ఇక్కడ సవరణ అని ఉంది. మొదట ఏం రాశారు?"

"అన్నీ ఒరిజినల్ అని."

"కనపడలేదా?"

"కనపడిందండీ."

"మరి?"

"మీ అమ్మాయి బాధపడుతుందని..."

"మా అమ్మాయి బాధపడితే మీకేం?"

ఆమెవైపు చూశాను. సీలింగ్ ఫ్యాన్‌ని మహా శ్రద్ధగా పరిశీలిస్తోంది.

"నాకూ బాధేస్తుందండీ."

"ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం మూడింటి నుంచి."

ఆయన మీసాలు కదిలాయి. "ఆదివారం రండి బాబూ. ఈసారి కాగితాలేవీ తేకుండా రండి."

గేటు దాకా సాగనంపడానికి ఆమె వచ్చింది. తడి బట్టలు మార్చుకుని ఆవపువ్వు రంగు డ్రెస్ వేసుకుంది.

"నాన్న పిలిచారు సరే. నేను మీ మాట ఎలా నమ్మను? మళ్లీ దయ చూపిస్తే?"

"చూపించను."

"ఈ డ్రెస్ ఎలా ఉంది?"

నాలుక చివర నూరు అబద్ధాలు బారులు తీరాయి. ఒక్కొక్కదాన్నీ మింగాను.

"ఆ రంగు మీకు నప్పలేదండీ."

డ్రెస్ చూసుకుంది. నన్ను చూసింది. గేటు పట్టుకుని నవ్వింది, వీధి లైటు కింద, ఆపకుండా.

"పదింటికి రండి. ఆలస్యం చేయకండి."

పెళ్లయి ఇరవై మూడు రోజులైంది. నేను మొహమాటపడుతున్నానని అనుమానమొస్తే చాలు, ఆ డ్రెస్ వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇవాళ పొద్దున కూడా నిలబడింది. నప్పలేదన్నాను. మార్చుకోలేదు. నా చేతిలో కాఫీ లాక్కుని, సగం తాగి, పక్కన కూర్చుంది.