మొదటి మడత

"ఇది ఎవడు బిగించాడండీ?"

కార్లకి సీట్లూ టాపులూ కుట్టే షాపు ముందు ఆగిన ఎర్ర స్పోర్ట్స్ కారు చుట్టూ ఒక రౌండు తిరిగి ఆమె అన్న మొదటి మాట అది. కారు పాతకాలందే గానీ దాని నెత్తిన గుడ్డ టాపు మాత్రం కొత్తది. కొత్తదన్న పేరేగానీ, పిండి ఆరేసిన దుప్పటిలా ముడతలు పడి, ముందు అద్దం అంచుకి జానెడు ఇవతలే ఆగిపోయింది.

"ఎవడో కాదు, నేనే," అన్నాడు కారు తెచ్చిన అబ్బాయి. "వీడియో చూసి."

"వీడియోలో వాడిక్కూడా ఇలాగే ఏడ్చిందా?"

"వాడికి బాగానే వచ్చింది."

"పొద్దున్నే చలిలో బిగించారు కదూ?"

"మీకెలా తెలుసు?"

"చలికి గుడ్డ బిర్రబిగుసుకుంటుంది. పైగా ముందు రాడ్డుకి బోలెడంత తిప్పి అంటించేశారు. ఇంకెక్కడ అందుతుంది?"

అబ్బాయికి కాస్త రోషం వచ్చింది. "సరే, ఓనరు గారు ఎప్పుడొస్తారు? ఆయనతో మాట్లాడతాను."

ఈ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. మెడలో టేపు, చేతిలో కత్తెర, వేళ్ళనిండా గమ్ముతో ఒక ఆడమనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, జనం ఓనరు కోసం ఆమె భుజం మీంచి లోపలికి తొంగి చూస్తారు. ఏం చూద్దామనో వాళ్ళకే తెలియాలి. లోపల స్టూలు మీద సీటు కవరు కుడుతున్న వాళ్ళ నాన్న తలెత్తకుండానే అన్నాడు:

"ఓనరుతోనే మాట్లాడుతున్నావు బాబూ. నేను ఆవిడ దగ్గర పనివాణ్ణి."

అబ్బాయి చెవులు కారు రంగులోకి వచ్చాయి. "సారీ మేడమ్."

"మేడమ్ వద్దు. వీధంతా నన్ను కత్తెర అంటారు. రేపు ఎండెక్కాక తీసుకురండి. గుడ్డ బతికే ఉంది, మీరు చంపలేకపోయారు."

పక్క వీధి బేకరీ అతనిది. అతనిదంటే వాళ్ళ పిన్నిది. కారూ పిన్నిదే. వయసులో ఉన్నప్పుడు అందరూ పెళ్ళి చేసుకోమంటే ఆవిడ వెళ్ళి ఈ కారు కొనుక్కుంది. టాపు చిరిగాక కారు షెడ్డులో పడింది. అప్పటినుంచి ఆవిడకి ఒకటే పాట: ఒక్కసారి టాపు దించి, మొహానికి గాలి కొట్టేలా ఊరంతా తిరగాలి. తనను పెంచిన పిన్ని కోరిక తన చేతులతో తీరుద్దామని అబ్బాయి రంగంలోకి దిగాడు. ఫలితం చూశాం కదా.

మర్నాడు ఆమె గుడ్డని ఊడదీసి, అట్టకట్టిన గమ్ము గీకి, ఎండలో పరిచింది. మెత్తబడ్డాక గొడుగు చువ్వల్లాంటి ఫ్రేము మీద కప్పింది. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని ముందు క్లిప్పులు బిగించాలి, ఇంకొకరు బయటినుంచి గుడ్డ లాగి పట్టుకోవాలి. నాన్నకి భుజం నొప్పి. కాబట్టి బేకరీ అబ్బాయే లాగాల్సి వచ్చింది.

"లాగండి," అంది లోపల్నుంచి.

"లాగుతున్నా."

"పిసుకుతున్నారు. అది పిండి కాదు."

"మీరు గుడ్డతో కూడా ఇలాగే మాట్లాడతారా?"

"గుడ్డ ఎదురు చెప్పదు. ఎడమవైపు ఇంకొంచెం... ఆఁ, చాలు. కదలకండి."

అతను కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. ఆమె బయటికొచ్చి సుద్దముక్కతో గీత గీసి, గీత కంటే ఒక పిసరు ముందుకే గుడ్డని అంటించింది. చివరి క్లిప్పు టక్కున పడింది. టాపు డోలు చర్మంలా నిలబడింది. అతని చేతులు బాగా గట్టివి అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. పొగడటం ఆమెకి చేతకాదు.

"ఇక దించుకోవచ్చా?"

"దించారంటే చేతులు విరుగుతాయి! గుడ్డ ఫ్రేముకి పట్టి కుదురుకోవాలి. మొదటిసారి ఎక్కడ మడిస్తే దాని జన్మంతా అక్కడే మడత పడుతుంది. మొదటి మడత బిగించినవాళ్ళే వెయ్యాలి, అది మా షాపు రూలు. పట్టిందో లేదో నేను చూసి చెప్తాను. అప్పుడప్పుడు తెస్తూ ఉండండి."

అలా తెస్తూ ఉన్నాడు. వచ్చినప్పుడల్లా వేడి బన్నుల సంచీ ఒకటి. నాన్నకి రెండు, ఆమెకి ఒకటి. ఆమె బన్ను నములుతూ టాపు మీద అరచెయ్యి వేసి చూసేది.

"ఇంకా పట్టలేదు. వచ్చే వారం చూద్దాం."

మొదట్లో అది నిజమే. తర్వాత కాదు.

పని విషయంలో కత్తెర అబద్ధం చెప్పగా ఎవరూ వినలేదు. పాడైంది అంటే పాడైందే, బాగుంది అంటే బాగుందే. షాపు నడిచేది ఆ నోటిమాట మీద. ఆ నోటితోనే ఇప్పుడు వారం వారం ఒక అబద్ధం! టాపు పని అయిపోతే ఈ మనిషి మళ్ళీ ఎందుకొస్తాడు? బన్నులమ్ముకునేవాడికి గమ్ము వాసనతో పనేంటి?

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. లీకు చూడాలంటూ ఇద్దరూ కారులో కూర్చున్నారు. నెత్తిన వాన దరువేస్తోంది. అద్దాలకి ఆవిరి పట్టింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

"లీకు లేదుగా?" అన్నాడు.

"అప్పుడే చెప్పలేం. వాన ఆగేదాకా చూడాలి."

"చూద్దాం," అన్నాడు బుద్ధిమంతుడిలా.

వాన తగ్గింది. ఎవరూ దిగలేదు. షాపులో నాన్న కుట్టుమిషను ఆపి, వాళ్ళకేసి చూసి, మళ్ళీ తొక్కడం మొదలెట్టాడు.

ఆ తర్వాతి వారం కారు నడుపుకుంటూ పిన్నే వచ్చింది. అబ్బాయి పక్క సీట్లో బన్నుల సంచీ పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, నీ గుడ్డ పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందే? నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి గానీ ఇది మాత్రం పట్టట్లేదు! పట్టిందా లేదా? ఒక్క మాట చెప్పు."

ఆమె అలవాటుగా టాపు మీద చెయ్యి వేసింది. ఇంకో వారం అనేస్తే సరిపోతుంది. కానీ ఎదురుగా ఉన్నది ఇన్నేళ్ళు గాలి కోసం కాచుకున్న మనిషి. ఆవిడ మొహం చూస్తూ ఆ మాట నోటికి రాలేదు.

"పట్టింది," అంది. "ఎప్పుడో పట్టింది. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకే?"

"మీ అబ్బాయి రావడం మానేస్తాడని."

మిషను ఆగిపోయింది. ఆమె తల దించుకోలేదు. దించుకోవడమూ ఆమెకి చేతకాదు. చెంపలు మాత్రం కాలిపోతున్నాయి.

"నాకు తెలుసు," అన్నాడు అబ్బాయి.

"ఏం తెలుసు?"

"పట్టిందని. పిండి పొంగిందో లేదో వేలు పెట్టి చెప్పేవాణ్ణి, గుడ్డ సంగతి తెలీదా? రోజూ తడిమి చూసేవాణ్ణి."

"తెలిసి మరి నోరు మూసుకున్నారేం?"

"పట్టలేదని మీరు చెప్తుంటే వినడానికి బాగుంది."

"సరిపోయారు!" అంది పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని. "మీ ఇద్దరి ప్రేమకి నా కారు మూతేసుకుని కూర్చోవాలా? ముందు దించండి దాన్ని!"

ఆమె ఒకవైపు, అతను ఒకవైపు నిలబడ్డారు. క్లిప్పులు తీశారు. ఆమె చెప్పినచోట అతను మడిచాడు, అతను లేపినచోట ఆమె చెయ్యి పెట్టి ముడత సర్దింది. మొదటి మడత ఉండాల్సిన చోటే పడింది. కారు నెత్తిన ఆకాశం తెరుచుకుంది.

పిన్ని స్టీరింగు ముందు కూర్చుని షాపులోకి కేకేసింది. "ఏమండీ, ఆ సూది కింద పెట్టి రండి. ఉన్నవి రెండే సీట్లు. మీ వియ్యపురాలు కారెలా నడుపుతుందో చూద్దురు గాని!"

నాన్న సంచీలోంచి ఒక బన్ను తీసి నోట్లో కుక్కుకుని, చెప్పులు వెతుక్కుంటూ పరిగెత్తాడు. ఎక్కబోతూ కూతురి తల మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచాడు. ఎర్ర కారు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. పిన్ని నెరిసిన జుట్టు జెండాలా ఎగిరింది.

ఇద్దరే మిగిలారు.

"టాపు పని అయిపోయింది," అన్నాడు అతను సంచీ నలుపుతూ. "ఇంక నేను ఏమని రావాలి?"

"బన్నులిచ్చిపోదామని."

"బేకరీ మూసిన రోజు?"

ఆమె అతని చేతిలోంచి సంచీ లాక్కుంది.

"బన్నులు లేకపోయినా రా."