బోర్లించిన పెనాలు

పొద్దున్నే సప్న చాయ్ గ్లాసు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్ విమానం ఒకటి ఇంటి రేకులను వణికిస్తూ పైనుంచి పోయింది. బీదర్‌లో ఆ చప్పుడుకు తలెత్తేది కొత్తగా వచ్చినవాళ్లే. తాయవ్వ చాయ్ ఊదుకుంటూ కూర్చుంది.

"అత్తమ్మా, ఇయాల ఫారిన్ మేడం వస్తాంది గదా. జర మంచి చీర కట్టుకొమ్మన్నడు మీ కొడుకు."

"మంచిదా? పోయినసారి ఫోటోలకు చినిగింది కట్టుకొమ్మన్నరు గదనే. పేదగ కనవడాలెనని."

"ఈసారి పేదరికం పోయినట్టు కనవడాలెనట," సప్న నవ్వింది.

"అంటే నా పేదరికం వాళ్ల బీరువాల ఉన్నట్టు. కావాలన్నప్పుడు తీస్తరు, వద్దన్నప్పుడు పెడతరు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో ఆ పొద్దున అదే చివరి నవ్వు.

తాయవ్వ చేసేది కడక్ జొన్నరొట్టె. పెనం మీదనే పెళపెళలాడేలా ఎండిపోయే రొట్టె, వారాలు నిలవుంటుంది. ఒకప్పుడు ఆమె కొడితే, భర్త పీరప్ప సైకిలు మీద గంపకెత్తుకుని బస్టాండు దుకాణాలకు వేసేవాడు. తర్వాత కంపెనీ వచ్చింది. విదేశీ ఫండు తెచ్చుకున్న కంపెనీ. వ్యాపారంతోనే పేదరికాన్ని తరిమేస్తామని గోడమీద పెద్ద అక్షరాలతో రాయించింది. తాయవ్వ ఇంటి వెనక ఖాళీ జాగాలో షెడ్డు లేపి, గ్యాస్ పొయ్యిలు పెట్టి, గల్లీ ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది. కొడుకు సంగమేష్‌కు సూపర్‌వైజర్ ఉద్యోగమిచ్చింది.

కంపెనీ ఏమీ ఇవ్వలేదంటే అది అబద్ధం. కళ్లలో పొగ పోయింది. పక్కింటి మహానంద కూతురు నర్సింగు చదువుతోంది. ఈ కథ రాస్తున్నది వ్యాపారాన్ని తిట్టడానికి కాదు. ఇచ్చిన చేతికి తీసుకునే చెయ్యి కూడా ఉంటుంది. అది ఏం తీసుకుందో గోడమీద ఎవడూ రాయడు. అందుకే రాయాల్సి వస్తోంది.

తాయవ్వ ముఖం తీసుకుంది కంపెనీ. ప్రతి ప్యాకెట్ మీదా ఆమె నవ్వే. అంతవరకు ఆమె ఏమీ అనలేదు.

"మీ సినిమా గూడ వచ్చింది అత్తమ్మా. మేడం వచ్చేముందు సూడమని పంపిండ్రు." సప్న ఫోను ముందుకు పట్టింది. అందులో షెడ్డు, మంటలు, పిండి అంటిన చేతులు. వెనక ఎవరో ఇంగ్లీషులో చెబుతున్నారు.

"ఏమంటుండు?"

సప్న ముఖం మారింది. ఫోను మూయబోయింది.

"సప్నా. ఏమంటుండో చెప్పు."

"ఏమంటుండంటే... ఆ పొద్దున తాయవ్వ భర్త చచ్చిపోయిండు, అయినా పొయ్యిలు ఆగలేదు అంటుండు. పేదరికం వీళ్లను ఆపలేదు, చావు గూడ ఆపలేదు... పనంటే వీళ్లకు అంత ప్రాణం, అని."

తాయవ్వ గ్లాసు కింద పెట్టింది. పెట్టడంలో చాయ్ ఒలికింది. తుడవలేదు.

వాళ్ల గల్లీలో ఎవరైనా పోతే, శవం గల్లీ దాటేవరకు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. పెనాలు బోర్లిస్తారు. శవం పోయాక ఇరుగుపొరుగు రొట్టెలు చేసుకొచ్చి, చావింటివాళ్లకు చేత్తో తినిపిస్తారు. కట్టుకున్నవాడు పోయినదానికి లోకం చెప్పే మొదటి ఓదార్పు మాట ఆ రొట్టె.

నిరుడు పీరప్ప పోయినరోజు, పెద్దకూతురు అంబిక సోలాపూర్ నుంచి వచ్చేదాకా శవాన్ని వాకిట్లోనే ఉంచారు. ఆరోజే కంపెనీకి పెద్ద లోడు పోవాలి. మేనేజర్ విజయేందర్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. సంగమేష్ తండ్రి కాళ్ల దగ్గర నుంచి లేచాడు. వెనక్కి పోయి ఆడవాళ్లను బతిమాలాడు, బెదిరించాడు, పొయ్యిలు వెలిగింపించాడు. ముందర శవం. వెనక టప్ టప్ టప్ అని చేతుల చప్పుడు. మధ్యలో చిన్న ఇల్లు. తాయవ్వ భర్త తల దగ్గర కూర్చుని పొద్దంతా ఆ చప్పుడు విన్నది. ఏడుపు రాలేదు. ఈరోజుదాకా రాలేదు. రొట్టెలన్నీ లోడెక్కి పోయాయి, చావింటికి మాత్రం ఒక్కటీ రాలేదు.

దాన్ని సినిమా తీసి, దానికి సంగీతం పెట్టారు.

సంగమేష్ ఇస్త్రీ షర్టు వేసుకుని గదిలోంచి వచ్చాడు. "అవ్వా, రెడీ గాలేదా? మేడం లీయా అని, ఫండు ఇచ్చేటోళ్ల మనిషి. ఆమె ఖుష్ అయితే ఈడ ఫ్యాక్టరీ పడ్తది. నేను మేనేజర్ అయిత. నువ్వు ఎక్కువ ఏం మాట్లాడక్కర్లే. నాయిన పోయిన రోజు సంగతి చెప్పు, చాలు."

"వాళ్లకెట్ల ఎరుక ఆ సంగతి?"

"నేనే చెప్పిన." అతడి గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "విజయేందర్ సార్ ఏదన్న దిల్‌కు తాకే ముచ్చట చెప్పమన్నడు."

"నీ నాయిన శవం ముచ్చటా?"

"గట్ల మాట్లాడకు. తప్పేం జేసిన? ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే గదా. షెడ్డు ఇల్లు గాదు. గ్యాస్ కంపెనీది, రొట్టె పెంకలు కంపెనీవి."

"చేతులెవలివి రా?"

సంగమేష్ షర్టు మడతలు సర్దుకున్నాడు. సప్న గోడకు ఒదిగి నిలబడింది.

"ఆ లోడు పోకపోతే అందరి పని పోతుండె అవ్వా," అన్నాడు చివరికి. "నాయిన లేడు, గంప నువ్వే నెత్తిన పెట్టుకొని బస్టాండుకు పోతుంటివి. నీ కోసమే చేసిన."

తాయవ్వ ఒలికిన చాయ్‌ను అప్పుడు తుడిచింది. "సరే. చెప్త. నా నోటితోనే చెప్త. మేడంను తీస్కరా."

అతడు సంతోషంగా బండి స్టార్ట్ చేశాడు. అమ్మ ఇంత సులువుగా ఎన్నడైనా ఒప్పుకుందా అని ఆలోచించలేదు, మూర్ఖుడు.

తాయవ్వ నేరుగా మహానంద ఇంటికి పోయింది. ఫోనులో విన్నది చెప్పింది. మహానంద నెత్తి కొట్టుకుంది.

"అక్కా, ఆరోజు కొట్టింది మా చేతులే. ఏడాదిసంది నీ మొకం సూడలేక సస్తున్న. నాకేం సజా వేస్తవో వెయ్యి."

"నీ మీద పగ లేదు మహానందా. నాకు ఇయాల గవే చేతులు కావాలె. అందరిని పిలువు."

"పని పోతే?"

"పోనీ. రొట్టె కొట్టుడు వాళ్లు నేర్పిండ్రా మనకు?"

సంగమేష్ బండి ముందు దారి చూపగా, విజయేందర్ పెద్ద కారులో లీయాను తెచ్చాడు. అతడిది బసవకళ్యాణ్ ఊరు, తేనె పూసిన మాట. "తాయవ్వమ్మా, బాగున్నవా? మా కంపెనీకి నువ్వే లక్ష్మివి," అంటూ చేతులు జోడించాడు. లీయా నడివయసు మనిషి, ఎండకు ముఖం ఎర్రబడింది. విమానం పోతే ఉలిక్కిపడి పైకి చూసింది. సంగమేష్ షెడ్డు తలుపు తోశాడు.

లోపల పొయ్యిలన్నీ చల్లగా ఉన్నాయి. ప్రతి పొయ్యి మీదా పెనం బోర్లించి ఉంది. ప్రతి పెనం వెనకా ఒక ఆడమనిషి, తలమీద కొంగు కప్పుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ నమస్తే పెట్టలేదు.

విజయేందర్ నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. "ఏమిది సంగమేష్?" అని పళ్లమధ్య నుంచి అడిగాడు.

లీయా సంగమేష్‌ను ఇంగ్లీషులో ఏదో అడిగింది. పొయ్యిలు ఎందుకు వెలగడంలేదని.

"పండుగ అని చెప్పు," గొణిగాడు విజయేందర్. "ఏదో లోకల్ పండుగ అను."

సంగమేష్ ఇంగ్లీషులో పండుగ అన్నాడు. లీయా ముఖం విచ్చుకుంది. ఫోటో తీయడానికి కెమెరా ఎత్తింది.

అప్పుడు తాయవ్వ రెండు అరచేతులూ ఎత్తి కొట్టింది. టప్. పిండి లేదు, రొట్టె లేదు, ఖాళీ చేతులు. టప్ టప్. మహానంద అందుకుంది. తర్వాత పక్కామె. షెడ్డంతా అదే చప్పుడు. టప్ టప్ టప్. కళ్లన్నీ సంగమేష్ మీదనే.

"ఆపుండ్రి," అన్నాడతడు.

ఆపలేదు.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత, ఆపు!"

"నేను ఎవల్ని మొక్కితే ఆగుతుండెరా ఆరోజు?" కొడుతూనే అడిగింది తాయవ్వ. "ఇను. నీ నాయిన పక్కన కూసోని నేను పొద్దంత ఇన్న. నువ్వు ఇంతసేపన్న ఇను. ఇని, ఆమెకు చెప్పు. పండుగ అని చెప్పినవ్ గదా, ఇప్పుడు ఏం పండుగో చెప్పు!"

లీయా కెమెరా దించింది. విజయేందర్ సంగమేష్ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఫ్యాక్టరీ నీ చేతుల ఉంది. సోచ్ కే బోల్, ఆలోచించి మాట్లాడు."

సంగమేష్ నోరు తెరిచాడు. ఇంగ్లీషు రాలేదు, తెలుగు రాలేదు. గోడవైపు చూశాడు. ఆ గోడ అవతల ఇల్లు, ఇంటి ముందర వాకిలి. అక్కడ పడుకోబెట్టారు నాయినను. సైకిలు తొక్కి తొక్కి కాయలు కాచిన ఆ పాదాలను వదిలే కదా తాను లేచి వచ్చాడు. మోచెయ్యి విదిలించుకున్నాడు.

చెప్పాడు. పండుగ కాదని చెప్పాడు. పెనం బోర్లిస్తే అర్థమేమిటో, ఆరోజు పొయ్యిలు ఎవరు వెలిగింపించారో చెప్పాడు. మీ సినిమాలో గొప్పగా చూపించింది మాకు చెయ్యకూడని పని, అది చేసింది పేదరికమూ కాదు, ధైర్యమూ కాదు, నేనే అని చెప్పాడు. చప్పుడు దానంతటదే ఆగింది.

లీయా తెల్లబోయి విజయేందర్‌ను ఏదో నిలదీసింది. అతడు నీళ్లు నమిలాడు. ఆమె తాయవ్వ వైపు తిరిగి క్షమించమంది.

"ఆమె మాఫీ అడుగుతుంది అవ్వా."

"మాఫీ ఆమె దగ్గర్నే ఉంచుకొమ్మను. నా మొకం ప్యాకెట్ మీదికెల్లి తియ్యాలె. నా పెనిమిటి సావు సినిమాలకెల్లి తియ్యాలె. ఇంకోటి. వ్యాపారం మాకు చేదు గాదు. చేస్తం. మా గల్లీల సావైతే పొయ్యి ఆగుతది, లోడు గూడ ఆగుతది. గీ షరతుకు ఒప్పుకున్నోడే మా రొట్టె తీస్కపోవాలె. ఒప్పుకోకపోతే పొయ్యిలు, పెంకలు మోస్కపొమ్మను. మా జాగ మాకు ఇడిసిపెట్టమను."

సంగమేష్ మాట మాటా చెప్పాడు. విజయేందర్ కారెక్కుతూ, "నీ పని ఖతం సంగమేష్," అన్నాడు. షరతు సంగతి పైవాళ్లతో మాట్లాడతానని లీయా చెప్పింది. మాట్లాడుతుందో లేదో. ఇలాంటి మాటలు ఆ గల్లీ చాలా విన్నది. ఆడవాళ్లు మాత్రం అప్పుడే బస్టాండు దుకాణాల పేర్లు గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు.

కారు దుమ్ము అణిగాక తాయవ్వ వాకిట్లోకి వచ్చి, భర్తను పడుకోబెట్టిన జాగా పక్కన కూర్చుంది. సంగమేష్ దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రావడానికి ముఖం చెల్లలేదు. ఆమె పిలవలేదు. కొడుకును ఓడించాలని ఏడాది ఎదురుచూసింది. ఓడిపోయి నిలబడ్డ కొడుకు ఇప్పుడు అచ్చం పీరప్పలా మెడ వంచి ఉన్నాడు. అది ఆమె అనుకోలేదు.

కాసేపటికి మహానంద తన ఇంటి నుంచి గుడ్డలో చుట్టిన మూట తెచ్చి తాయవ్వ ముందు విప్పింది. వేడి జొన్నరొట్టెలు, పుంటికూర. ఒక ముక్క తుంచి తాయవ్వ నోట్లో పెట్టింది.

తాయవ్వ నమిలింది. రెండో ముక్క తానే తుంచి చెయ్యి చాపింది.

"రా."

సంగమేష్ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అవ్వా, నన్ను కొట్టు."

"కొట్టిన గదరా. చేతులు మంటలేస్తున్నయ్." ముక్క అతడి నోటికి అందించింది. "తిను. నిరుడు రావాల్సిన రొట్టె. మీ నాయిన మీద నేనింక ఏడ్వనే లేదు. ఒక్కదాన్నే ఏడ్వలేకపోయిన."

వాకిట్లో ఇద్దరూ నోట్లో రొట్టె పెట్టుకునే ఏడ్చారు. షెడ్డులో పెనాలన్నీ అలాగే బోర్లా ఉన్నాయి.