ఉన్నట్టుండి పుట్టే మనుషులు

పెద్ద వరదకు పాత వంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఆ ఇంటాయన పార్సిళ్ల వ్యాను డ్రైవరు. ఓ పొద్దున ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్కకు తిరిగేసరికి భార్య గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఉలిక్కిపడ్డాడు.

"అలికిడి లేకుండా వచ్చి నిలబడతావేం? ఏదో ఒకరోజు నా గుండె ఆగిపోతుంది."

"ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నాను. రేపట్నుంచి గజ్జెలు కట్టుకుని వస్తాలెండి," అంది ఆమె.

ఆ వెంటనే పాత గొడవే ఎత్తుకుంది. వయసైపోయింది, ఇక బండి దిగండి అని. వ్యాను ఎడమ అద్దం అప్పటికి రెండుసార్లు విరిగింది. గోడౌన్ దగ్గర కుర్రాళ్లు తమ బళ్లను చూసుకోకుండా వెనక్కి పోనిస్తారని ఆయన అన్నాడు. ఆ స్టీరింగు పట్టుకునే ఇల్లు నిలబెట్టాడు. అది వదిలితే పొద్దున లేచి ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. ఆ మాట పైకి అనలేక విసురుగా లేచి వెళ్లిపోయాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు. కొత్తగా వచ్చిన వీడియో గేములు ఆడి, మొదట ఏమనిపించిందో రాయడం ఆమె పని. ఆడుకున్నందుకు జీతమిచ్చే పిచ్చివాళ్లు కూడా ఉన్నారా అని తల్లి దెప్పేది. ఆ వారం ఒక వింత ఆట వచ్చింది. అందులో కాల్చుకోవడాలు, కొట్టుకోవడాలు లేవు. చాలా పెద్ద ఊరు, ఒక వ్యాను, నిండా పార్సిళ్లు. ఏ దారినైనా పోవచ్చు. ఇల్లు వెతుక్కుని ఇచ్చి రావాలి, అంతే.

కూతురు సాయంత్రం టీవీలో ఆ ఆట పెట్టి, ఆడించే మీటల పెట్టె తండ్రి చేతిలో పెట్టింది. "నీ ఉద్యోగమే నాన్నా. ఎలా ఉందో చెప్పు, రాసుకుంటాను," అంది.

మొదట ఆయనకు నచ్చింది. ఆఖరున దించాల్సిన సరుకు ముందు ఎక్కించాలి, అది సరిగ్గానే పెట్టారన్నాడు. పోనుపోను ఆ ఊరు ఆయన్ని భయపెట్టసాగింది. ఎప్పుడూ సన్నటి తుంపర. ఇళ్లలో దీపాలు వెలుగుతుంటాయి కానీ మనిషి కనపడడు. తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి పార్సిలు లోపలికి లాక్కుంటుంది. అంతకన్నా దారుణం రోడ్డు. ఖాళీగా ఉంటుంది. ఉన్నట్టుండి నడిమధ్యన ఒక మనిషి పుడతాడు. ఇంకొకడు కుడి నుంచి వస్తూ వస్తూ సగం రోడ్డులో కరిగిపోతాడు.

విన్న కూతురికి ఒళ్లు గగుర్పొడిచింది. తాను ఇంకా అంతదూరం ఆడలేదు. తండ్రి చెప్పింది చెప్పినట్టే రాసి పంపేసింది.

ఆయన మాత్రం ఆట వదల్లేకపోయాడు. ఎవరికీ చెప్పని భయం ఒకటి పట్టుకుంది. ఈ మధ్య నిజం రోడ్డు మీద కూడా మనుషులు అలాగే పుడుతున్నారు. ఒకరోజు పొద్దున ఒక బడిపిల్ల బండి ముందు పుట్టింది. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. ఆట తలకెక్కిందేమో, మతి పోతోందేమో అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఆట తయారుచేసినవాళ్లు, కూతురు రాసింది చదివి ఆమెకు ఫోను చేశారు. మనుషులు పుట్టడం, కరగడం మేమెక్కడా పెట్టలేదే అన్నారు. ఆమె వచ్చి, ఆడుతున్న తండ్రి వెనక నిలబడి కాసేపు చూసింది. చూస్తూ చూస్తూ చెయ్యి చాపి బొమ్మను ఆపేసింది.

"రోడ్డు మీద ఎంతమంది ఉన్నారు నాన్నా?"

"ఎవరూ లేరు."

"సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నాను కదమ్మా. ఖాళీ రోడ్డు."

కూతురు ముందుకొచ్చి, తండ్రి రెండు చెంపలూ పట్టుకుని ముఖం మెల్లగా ఎడమకు తిప్పింది. ఒక్కొక్కరే బయటపడ్డారు. గొడుగు పట్టుకున్న ఆడమనిషి. పిల్లను భుజాన వేసుకున్న మనిషి. కర్ర ఊతంగా నిలబడ్డ ముసలాయన. అందరూ ఆయన చూపు కోసమే ఆగినట్టు, కదలకుండా ఉన్నారు.

"వీళ్లెవరూ పుట్టలేదు నాన్నా. ఆ చివర్నుంచి నడుచుకుంటూ వస్తున్నారు. నీకే కనపడటం లేదు."

ఆయనకు కోపం వచ్చింది. టీవీ పాడైందన్నాడు. తనను బండి దించడానికి తల్లీ కూతుళ్లు కలిసి వేసిన ఎత్తు అన్నాడు. కూతురు గొంతు పెంచలేదు.

"అయితే అమ్మ ఎక్కడుందో చెప్పు."

"వంటింట్లో."

ఎడమ చెవి పక్కనే ఎవరో వెక్కారు. ఆయన తల తిప్పాడు. భార్య కుర్చీని ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఆయన ఆమెనే చూస్తూ, "పొద్దున ఒక పిల్ల, బ్యాగు తగిలించుకుని... ఆటలోంచి వచ్చిందనుకున్నానే," అన్నాడు. భార్య ఆయన తలను పొట్టకు అదుముకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏడవడం ఆమె చూడటం అదే మొదటిసారి. కూతురు తన ఏడుపు ఆపుకుంటూ టీవీ కట్టేసింది.

మర్నాడు పొద్దున వ్యాను కూతురు తీసింది, కళ్ల డాక్టరు దగ్గరికి. ఆయన మారుమాట్లాడకుండా పక్క సీట్లో ఎక్కాడు. వీధి మలుపు తిరిగాక, "ఎడమ పక్క ఏముందో చెబుతూ ఉండమ్మా," అన్నాడు.

"చెప్పుల కొట్టు తీస్తున్నారు. ఒకావిడ మెట్లు కడుగుతోంది. ఇద్దరు ముసలాళ్లు బస్సు కోసం చూస్తున్నారు," అని ఆమె చెప్పుకుంటూ పోయింది.

ఆయన ముందుకే చూస్తూ ఒక్కొక్కరికీ ఊఁ కొట్టాడు.