తుర్రు కొన్న పాట

“ఇది పాడదు పాపా,” అన్నాడు పోటీ హాలులో పాటలు పెట్టే సౌండ్ అంకుల్.

తుర్రు నవ్వింది. ఆయన ఆటపట్టిస్తున్నాడనుకుంది.

“మళ్లీ నొక్కి చూడండి అంకుల్. అది కొన్న పాట. రసీదు కూడా తెచ్చాను.”

ఆయన మళ్లీ నొక్కాడు. కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ‘ఈ ఫైలును తెరవడం కుదరదు’ అని అందులో ఉంది.

తుర్రు నవ్వు ఆగిపోయింది.

ఆమెకు మంచి పేరే ఉంది కానీ, అది హాజరుపట్టీకే పరిమితం. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే తుర్రుమని పరుగెత్తే పిల్ల కాబట్టి బడిలో అందరికీ ఆమె తుర్రు. పరీక్షలో ప్రశ్న సగం చదివి జవాబు మొదలుపెట్టేస్తుంది.

“కొన్నావు, కాదనను,” అన్నాడు సౌండ్ అంకుల్, చెవుల మీది హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంటూ. “కానీ దీన్ని కొన్న యాప్ ఉంది చూశావూ, ఇది అందులోనే పాడుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి తెస్తే నోరు విప్పదు. కొనేటప్పుడు అక్కడ రాసి ఉంటుందే, చదవలేదా?”

నాలుగు రోజుల క్రితం అమ్మ ఫోన్ చేతికిచ్చి, “చదివి నొక్కు,” అంది. తెర నిండా సన్నటి అక్షరాలు. తుర్రు వాటిని చూడను కూడా చూడలేదు. ‘అంగీకరిస్తున్నాను’ అని ఎక్కడ కనబడితే అక్కడ టపటపా నొక్కేసింది. పాట పేరు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది. పేరు వచ్చాక పాట రాకుండా ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

“పోనీ ఫోన్‌కి వైరు పెట్టి పాడించండి అంకుల్.”

“కుదరదమ్మా. నిరుడు ఒక టీమ్ ఆట మధ్యలో ఎవరో ఫోన్ చేశారు. పాట ఆగి, హాలంతా రింగ్‌టోన్ మోగింది. అప్పటినుంచీ ఫోన్లు బంద్. ఫైలు ఉండాలి, రసీదు ఉండాలి. మీది ఎన్నో నంబరు?”

“ఏడు.”

“ఇప్పుడు మూడోది నడుస్తోంది. మీ సార్‌కి చెప్పు, త్వరగా.”

హాలులో ఈలలు మోగిపోతున్నాయి. స్టేజి వెనక వరండాలో తుర్రు జట్టు నిలబడి ఉంది. వాళ్లది జంట తాళ్ల ఆట. ఆ చివర పొడుగు, ఈ చివర తుర్రు రెండు తాళ్లు తిప్పుతారు. మధ్యలో బొంగరం, బుల్లి గెంతుతారు. ఇవీ బడిలో పెట్టిన పేర్లే. మూడు నెలలుగా ఒకే పాటకు సాధన చేశారు. అందులో మాటలు లేవు, డ్రమ్ములే. సరిగ్గా నలభయ్యో సెకనులో డ్రమ్ములు ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో బొంగరం, బుల్లి చోట్లు మార్చుకోవాలి. అర సెకను అటూ ఇటూ అయిందా, కాళ్లకు తాడు చుట్టుకుంటుంది.

గేమ్స్ సార్ బుల్లి బూట్ల లేసులు బిగిస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

“పెన్‌డ్రైవ్ ఇచ్చావా?”

“ఇచ్చాను సార్,” అంది తుర్రు.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆమె పొడుగు చెయ్యి పట్టుకుని నీళ్ల కుళాయి దగ్గరకు లాక్కెళ్లి జరిగింది చెప్పింది. పొడుగు మొహం పాలిపోయింది. వెనకాలే బొంగరం వచ్చి చెవులు రిక్కించాడు.

“మీ అన్నయ్య ఫోన్ ఉందిగా, ఇవ్వవే. అమ్మకు చేస్తాను,” అంది తుర్రు పొడుగుతో.

తుర్రు వాళ్లమ్మ కారు నేర్పే స్కూల్లో మాస్టరమ్మ. పక్క సీటులో కూర్చుని కొత్తవాళ్లకు బ్రేకు, క్లచ్ నేర్పుతుంది. పాఠం నడిచేటప్పుడు ఫోన్ ఆపేయడం ఆమె నియమం. తుర్రు మూడుసార్లు చేసింది. మూడుసార్లూ స్విచ్ ఆఫ్.

“ఇంతదానికి ఇంత గోలెందుకే?” అన్నాడు బొంగరం. “ఫ్రీగా దొరికే సైట్లు బోలెడున్నాయి. ఇలా ఇవ్వు.”

వాడి వేళ్లు చకచకా కదిలాయి. నిమిషంలో పాట వచ్చేసింది. ముగ్గురూ ఫోన్ మీదకు వంగారు. డ్రమ్ములు మొదలయ్యాయి. తుర్రు ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. డ్రమ్ములు ఆగాయి. ఆ నిశ్శబ్దంలోంచి ఎవరో మగ గొంతు గట్టిగా ఆ సైటు పేరు అరిచింది.

బొంగరం ఉలిక్కిపడి ఫోన్ జారవిడిచినంత పని చేశాడు.

“వీడెవడ్రా మధ్యలో!”

“దొంగ సరుక్కి వాడి ముద్ర,” అంది పొడుగు. “దీనికి రసీదు ఎవరిస్తారు? నువ్వు రాసిస్తావా?”

లోపల చప్పట్లు మోగాయి. మైకులో పిలుపు వినిపించింది. “అయిదో జట్టు స్టేజి మీదకు రావాలి.”

తుర్రు స్టేజి వైపు చూసింది. చెబితే సార్ ఏమంటారో. చెప్పకపోతే ఏడో నంబరు పిలిచినప్పుడు నలుగురూ తాళ్లు పట్టుకుని నిలబడతారు, హాలంతా చూస్తుంటుంది, పాట రాదు. ఆ బొమ్మ కళ్ల ముందు కదిలాక ఇంక నిలబడలేకపోయింది. ఈసారి పరుగెత్తలేదు. నడిచే వెళ్లింది.

“సార్, పెన్‌డ్రైవ్ ఇచ్చానన్నాను. కానీ అందులో పాట పాడట్లేదు. నేను చదవకుండా కొన్నాను సార్.”

సార్ నిటారుగా లేచారు.

“ఎప్పుడు తెలిసింది?”

“మూడో టీమ్ ఆడుతున్నప్పుడు.”

సార్ స్టేజి వైపు చూశారు. అయిదో జట్టు తాళ్లు విప్పుతోంది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది తుర్రుకి.

“అప్పుడే చెప్పుంటే పది నిమిషాలు మిగిలేవి,” అన్నారు. అంతే. జేబులోంచి ఫోన్ తీసి, తాళం తెరిచి, ఆమె చేతిలో పెట్టారు. “ఫైలు ఇచ్చే షాపులు వేరే ఉంటాయి. వెతుకు. నేను జడ్జీల దగ్గరకెళ్లి రసీదు మారుతోందని చెప్పి వస్తాను. డబ్బు కట్టే ముందు నన్ను పిలు.”

“నేనా సార్?” అంది తుర్రు. నమ్మలేకపోయింది.

“మరి పాట గురించి నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?” అంటూ సార్ వెళ్లిపోయారు.

పొడుగు, బొంగరం, బుల్లి చుట్టూ మూగారు. షాపు దొరికింది. పాట పేరు దొరికింది. కింద ఆకుపచ్చ బటన్ ‘కొనండి’ అంటోంది.

“నొక్కు!” అన్నాడు బొంగరం.

తుర్రు వేలు బటన్ దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

“నొక్కవే తల్లీ! ఆరో టీమ్‌ని పిలిచేస్తారు!”

“నోరు ముయ్యరా. చదువుతున్నా.”

అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఆమె గట్టిగా, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివింది.

“‘ఈ ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనా పాడుతుంది.’ ఇది మనకు కావాల్సిందే. ‘ఫోన్ పోయినా ఇదే ఖాతాతో మళ్లీ దించుకోవచ్చు.’ బాగుంది. ‘ఒకసారి కొన్నాక వాపసు లేదు.’ అమ్మో. ‘నిడివి... నాలుగు నిమిషాల నలభై.’”

ఆమె తలెత్తింది.

“మన పాట మూడు నిమిషాల పదే కదా?”

తుర్రు పైకి జరిపింది. అదే పేరుతో రెండు పాటలున్నాయి. మొదటిది కచేరీలో జనం మధ్య వాయించింది. నమూనా నొక్కి వింటే అందులో నలభయ్యో సెకనులో నిశ్శబ్దం లేదు, చప్పట్లున్నాయి. రెండోది వాళ్లది. వేలు పడబోయింది మొదటిదాని మీద.

“నేనైతే నొక్కేసేవాణ్ణి,” అన్నాడు బొంగరం, చిన్నగా.

“అందుకే నీకు ఫోన్ ఇవ్వలేదు,” అంది బుల్లి.

తుర్రు రెండోది తెరిచింది. దాని అక్షరాలూ చివరిదాకా చదివింది. ‘సొంతంగా వినడానికి మాత్రమే. బహిరంగ ప్రదర్శనకు వేరే అనుమతి అవసరం.’ ఆ మాట చదవనట్టు ఊరుకోవచ్చు. ఎవరు చూడొచ్చారు? కానీ చదివేసింది కదా. ఫోన్ పట్టుకుని సౌండ్ అంకుల్ దగ్గరకు వెళ్లింది. మిగతా ముగ్గురూ వెంటపడ్డారు.

“అంకుల్, కొన్నా సరే, హాల్లో అందరికీ వినిపించకూడదని ఉంది. మరెలా?”

ఆయన వింతగా చూశాడు. తర్వాత బల్ల వెనక గోడ చూపించాడు. అక్కడ ఫ్రేములో ఒక కాగితం వేలాడుతోంది.

“ఆ అనుమతి హాలువాళ్లు తీసుకున్నారు. ఏటేటా కడతారు. పదేళ్లుగా ఇక్కడ కూర్చుంటున్నా, ఇది అడిగినదానివి నువ్వే. ఊ, కానివ్వు.”

సార్ వచ్చారు. తుర్రు నిడివి చూపించింది, వాపసు లేదన్న మాట చూపించింది. సార్ తల ఊపి, రహస్య నంబరు కొట్టారు. తెర మీద నీలం గీత పాకడం మొదలైంది. ఇరవై శాతం. నలభై. సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయింది. నలభైలోనే నిలబడింది. స్టేజి మీద ఆరో జట్టు ఆట ముగించి దండం పెడుతోంది. పొడుగు కళ్లు మూసుకుంది. బుల్లి గోళ్లు కొరుకుతోంది. నలభై ఒకటి. అరవై. నూరు.

సౌండ్ అంకుల్ వైరు గుచ్చి ఫైలు లాగాడు, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. రెండు క్షణాల తర్వాత ఆయన వేళ్లు బల్ల మీద దరువు వెయ్యసాగాయి.

“ఏడో జట్టు!” అంది మైకు.

వాళ్లు పరుగెత్తారు.

చివరి అరనిమిషంలో బుల్లి కాలు ఒకసారి తాడుకు తగిలింది. అయినా మూడో స్థానం వచ్చింది. మూడు జట్లు పై పోటీకి వెళ్తాయి. అందులో వీళ్లదొకటి. అది రెండు వారాల్లో ఉంది.

“ఆ పాట నా ఫోన్‌కి పంపించవే, ఇంట్లో గెంతుకుంటా,” అన్నాడు బొంగరం బస్సులో.

“అది సార్ కొన్నది. ఇంకొకళ్లకి పంపకూడదని ఉంది.”

“అబ్బో, లాయరమ్మ!”

“పంపను కానీ, సాయంత్రాలు మా ఇంటికి రా. వాకిట్లో గెంతుదాం. అమ్మ ఫోన్‌లోది యాప్ దాటి రాదు, దాచుకున్న డబ్బులతో నేనొకటి కొంటా.”

మర్నాడు పాఠాలు అయ్యాక అమ్మ కారు ఆపించి, ఫోన్ తెరిచి కూతురికిచ్చింది. పెన్‌డ్రైవ్ కథ, ‘ఇచ్చాను సార్’ అన్న మాటతో సహా, రాత్రే తుర్రు నోట వింది. ఇప్పుడు పక్క సీటులో కూర్చుని తుర్రు చదువుతూనే ఉంది. పెదాలు కదులుతున్నాయి. కారు బయట సాయంత్రపు ఆఖరి విద్యార్థి తాళాలు అప్పగించడానికి ఎదురుచూస్తున్నాడు.

“పాట ఇదే కదా? ఇంకేంటే ఆలస్యం, నొక్కు,” అంది అమ్మ.

“ఆగమ్మా,” అంది తుర్రు, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఇంకా రెండు లైన్లున్నాయి.”