హనుమమ్మ మీద వేసిన నింద

పానగల్ దాటినంక వచ్చే మలుపు మంచిది కాదంటారు. రాత్రిపూట అక్కడ స్టీరింగు మన మాట వినదంట. ఎడమకు గుంజుతుందంట... కనబడని చెయ్యేదో పట్టి లాగినట్టు.

ఆ చెయ్యి హనుమమ్మదంట. రోడ్డు అంచున కర్బు రాళ్లు పేర్చిన కూలిమనిషి. చీకటి పడ్డా పని ఆపనివ్వలేదు. ఏదో కారు గుద్ది పోయింది. గుద్దినవాడు దొరకలేదు. ఎవరూ వెతకలేదు. చచ్చినంక మాత్రం ఆ మలుపులో జరిగే ప్రతి తప్పూ ఆమెదే అయింది. మగవాళ్లు తాగి తోలినా ఆమే కారణం, ఫోను చూస్తూ తోలినా ఆమే కారణం.

మొన్న బాలకృష్ణ కారు కూడా అక్కడే కర్బుకు గుద్దుకుంది. అట్లని అతనే చెప్పాడు.

"తెల్లచీర కట్టుకోని నిలబడ్డదే అమ్మా... స్టీరింగు పట్టి గుంజింది. ఎడమ చక్రం మూత సుత పీక్కపోయింది!"

తల్లి నర్సింగమ్మ వెంటనే కారుకు దిష్టి తీసింది. గుమ్మడికాయ పగిలింది, స్టీరింగుకు తాయెత్తు ఎక్కింది. చక్రాల అలైన్‌మెంట్ చూపించాలని మాత్రం తల్లికీ తోచలేదు, కొడుక్కీ తోచలేదు. ఇద్దరికీ తోచింది ఒక్కటే. కోడలు మంజులత నల్లగొండ దవాఖానలో నర్సు. ఇక ఆమె రాత్రి డ్యూటీ బంద్.

"దయ్యాలు ఆడోళ్లనే పడ్తయి బిడ్డా. రాత్రి నౌకరి ఇడిసిపెట్టు."

"గుద్దింది నీ కొడుకు, నౌకరి ఇడిసేది నేనా అత్తమ్మా?"

ఆ రాత్రి తాళాలు తీసుకొని మంజులతే కారెక్కింది.

మలుపు వచ్చింది. ముందొక లైటు లేదు, వెనకొక లైటు లేదు. స్టీరింగు... ఎడమకు జరిగింది. కుడికి తిప్పింది. మళ్లీ గుంజింది. కింద నుంచి చప్పుడు – టక్... టక్... ఎవరో తలుపు కొడుతున్నట్టు. ఎన్నో శవాల పక్కన నిలబడ్డ మనిషే, అయినా చెయ్యి తాయెత్తు మీదికి పోయింది.

బ్రేకు వేసింది. ఫోను లైటు పట్టుకొని దిగింది.

కర్బు రాళ్లు వరసగా ఉన్నాయి. నలుపూ పసుపూ రంగుల మీద ఒక్క గీత లేదు.

కారు గుద్దితే రాయికి గీతైనా పడదా?

"హనుమమ్మా..." గుసగుసగా అంది, "నువ్వు కాదు గదా?"

మళ్లీ కారెక్కింది. మలుపు దాటింది – గుంజుతూనే ఉంది. తిన్నటి రోడ్డు మీద చేతులు వదులు చేసింది – గుంజుతూనే ఉంది. నల్లగొండ లైట్లు వచ్చాయి – ఇంకా గుంజుతూనే ఉంది. దెయ్యం దవాఖానదాకా వస్తుందా, ఓపీ చీటీ రాయించుకోవడానికి?

అప్పుడు కనబడింది. వైన్స్ షాపు ముందు కర్బు రాయొకటి పగిలి ఒరిగిపోయింది. దాని మీద వాళ్ల కారు ఎర్ర రంగు. పక్కన చెత్తలో చక్రం మూత. విరిగిన అంచుకు పచ్చ వైరు ముడి – ఊడిపోకుండా బాలకృష్ణ తన చేత్తో వేసిన ముడి.

తెల్లారి ఇంటికొచ్చి, పడుకున్న మొగుడి గుండెల మీద ఆ మూత పెట్టింది.

"ఏందే ఇది?"

"హనుమమ్మ పంపింది. నేనెందుకు పీకుత, వైన్స్ కాడ పడ్డది, నీ మొగనికియ్యి అన్నది. ఇంకోపారి తన పేరు తీస్తే... ఇంటికే వస్తదంట."

బాలకృష్ణ లేచి కూర్చొని మూతను దుప్పటి కింద దాచబోయాడు. నర్సింగమ్మ కొడుకు మొహం చూసింది. ఆ మూత వైపు చూసింది. డ్యూటీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజే కారు షెడ్డుకు పోయింది. చక్రం దగ్గర వంగిన కడ్డీ మార్చారు, అలైన్‌మెంట్ చేశారు. ఇప్పుడు స్టీరింగు తిన్నగా ఉంటుంది.

ఆ మలుపు రాగానే బాలకృష్ణ ఇప్పటికీ అద్దాలు ఎక్కిస్తాడు. మంజులత దించుతుంది. "పోయొస్త హనుమమ్మా" అంటుంది.

అంతా బాగుచేయించిన కారే. అయినా ఒక్కోసారి, ఆ మాటకు, కింద నుంచి...

టక్.