మేడమ్ గారి అభ్యంతరం

"ఇదేం ఓటింగండీ? అందరూ కలిసి ఆ రొదేమిటి?"

ఆమె పక్క కుర్చీలోని అబ్బాయిని అడిగింది. వేదిక మీది పెద్దాయన "ఒప్పుకునేవాళ్ళు హమ్ చేయండి" అనగానే హాల్లోని ఇంజినీర్లంతా నోరు మూసుకుని "మ్మ్..." అన్నారు మరి. ప్రభుత్వం తరఫున సమావేశం చూసి రమ్మని పంపితే ఇదా తంతు అని ఆమెకు ఒళ్ళు మండింది.

"చేతులెత్తితే గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు తేలతారు మేడమ్," అన్నాడతను. "మాకలా పనికిరాదు. వద్దని ఒక్క గొంతు వినిపించినా ఆగి కారణం అడుగుతాం. దానికి జవాబు చెప్పాకే ముందుకెళ్తాం."

"ఇలా మూలుగుతూ ఇంటర్నెట్ నడుపుతారా?"

"ఇన్నాళ్ళూ నడిపాం. మీరు గమనించలేదు, అంతే."

గమనించకపోవడమేమిటి! ఏ పేరు టైపు చేస్తే ఎక్కడికి వెళ్ళాలో ఇంటర్నెట్‌కి చెప్పే అసలు పట్టిక ఒకటుంది. అందులో అక్షరం మారాలన్నా ఆమె ఆఫీసు సరే అనాలి. అలా సరే అనే కుర్చీ ఆమెదే. ఆ పెత్తనం ఒక్క ప్రభుత్వం దగ్గర ఉండకూడదు, అన్ని దేశాలవాళ్ళూ కలిసి చూసుకోవాలి అన్నదే ఇప్పుడు చర్చ. అంటే ఆమె కుర్చీ ఎత్తేయాలని. ఎత్తేయమనే జట్టులో ఈ మాటకారి ఒకడు.

ఆమె ఊరుకునే రకం కాదు. తర్వాతి సమావేశంలో నిలదీసింది.

"రేపేదైనా తప్పు జరిగితే ఎవరి చొక్కా పట్టుకోవాలి?"

అతను ప్రశ్న రాసుకుని వెళ్ళాడు. ఆపైసారి జవాబుతో వచ్చాడు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. అతను ఇంకో జవాబు తెచ్చాడు. ఈ వరసలో వాళ్ళ ప్రతిపాదన గట్టిపడింది. అతను రాని రోజున ఆమెకు ప్రశ్నలే తట్టలేదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ఆఫీసు మెట్ల మీద ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"మేడమ్, మీతో పోట్లాడకపోతే నాకు రోజు గడవట్లేదు. మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

ఇష్టం ఆమెకూ ఉంది, బోలెడంత. కానీ ఆ పట్టిక పెత్తనం అందరికీ అప్పగించవచ్చా లేదా అని ఆఫీసు తరఫున రిపోర్టు రాయాల్సింది ఆమే.

"రిపోర్టు రాసేది నేనని తెలిసే అడుగుతున్నారా?"

అతని మొహం మాడిపోయింది.

"ఆ కుర్చీ పోయాక రండి. అప్పుడూ ఇదే మాటంటే చూద్దాం."

గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూనే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోను చేయలేదు.

ఆమె రిపోర్టు రాసింది. తన ప్రశ్నలన్నిటికీ జవాబులొచ్చాయి కాబట్టి అప్పగించవచ్చనే రాసింది. ఆ మాటతో తన కుర్చీ పోతుందనీ, అతను రాకపోతే రెండూ పోతాయనీ ఆమెకు తెలుసు. అప్పగింత రోజున ప్రపంచంలో ఎక్కడా ఒక్క మెయిల్ కూడా ఆగలేదు. ఆమెను మాత్రం ఎవరూ దేనికీ అనుమతి అడగని సెక్షన్‌కి మార్చారు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. వాళ్ళమ్మను వెంటబెట్టుకుని అతను. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"రండి వదినగారూ," అని ఆమె తల్లి కుర్చీ జరిపింది.

కూతురు చెప్పిన హమ్ కబుర్లు విని విని ఉన్న తండ్రి, మాటలయ్యాక గంభీరంగా లేచాడు. "మీ పద్ధతిలోనే తేలుద్దాం. ఒప్పుకునేవాళ్ళు?"

"మ్మ్..." అన్నారందరూ. అతని తల్లి గొంతే పెద్దది.

"వద్దనేవాళ్ళు?"

"మ్మ్..." ఒక్క గొంతు. ఆమెది.

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "కారణం?" అన్నాడు మెల్లగా.

"కుర్చీ పోయింది. వచ్చినప్పటి నుంచీ ఇంకా 'మేడమ్', 'మీరు' అనే పిలుస్తున్నారు. నాకు నచ్చలేదు."

అందరూ పకపకా నవ్వారు. అతను చెవుల దాకా ఎర్రబడి, గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు..." అని ఆగిపోయాడు.

"ఊఁ, నేను?"

"నువ్వు... ఒప్పుకున్నట్టేనా?"

ఆమె నోరు విప్పలేదు. "మ్మ్," అంది.