మా బృందంలో మూడో ముఖం

ఉత్తరాది సముద్రపు ఒడ్డున ఉన్న హాప్సలు పట్టణంలో ఈ సంగతి చెప్పుకునే తీరు ఒకటుంది. ఏహా, తార్వో అనే ఇద్దరు కలిసి నడిపిన చిన్న వెబ్‌సైట్ల సంస్థలో లేని మనిషిని తార్వో పుట్టించాడట. ఆ మనిషిని అడ్డం పెట్టుకుని ఏహాను అర్ధరాత్రుళ్లు భయపెట్టి, సంస్థను సొంతం చేసుకోబోయాడట. వినడానికి కుదురుగానే ఉంది. కుదురైన కథలనే ఒకటికి రెండుసార్లు తట్టి చూడాలి. ఇందులో రెండు తప్పులు పైకే కనిపిస్తాయి. అర్ధరాత్రి జరిగిందేదీ లేదు; జరిగినదంతా పనివేళల్లో, ఉదయం తొమ్మిదికీ సాయంత్రం అయిదుకూ మధ్యనే జరిగింది. ఇక ఆ మనిషిని పుట్టించింది తార్వో కాదు, ఏహా. ఆ తర్వాతిదంతా తార్వో పనేనా అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. పదకొండేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి తనను మోసం చేశాడా, లేదా? ఏహాకు కావలసిందీ ఆ జవాబే.

2014 అక్టోబరులో వాళ్లు తమ సొంత సైటును తిరగరాసుకున్నారు. రైళ్లు రాని పాత స్టేషనుకు దగ్గరగా, ఒక చెక్క ఇంటి పై గదిలో వాళ్ల కార్యాలయం. పొయ్యిలోంచి బర్చి చెట్టు కట్టెల పొగ, తడిసిన ఉన్ని వాసన, కిటికీ తెరిస్తే అఖాతపు బురద వాసన. ‘మా బృందం’ అన్న పేజీలో రెండే ముఖాలుంటే బేరం కుదరదని, మూడోది ఉంటే నిండుగా ఉంటుందని ఏహా అంది. ఈ వృత్తిలో చిన్న సంస్థలు చాలానే ఆడే అబద్ధమది. ఎవరి ఫొటోనో దొంగిలించడం ఆమెకు నచ్చలేదు. అందుకని తార్వో ముఖాన్నీ తన ముఖాన్నీ తెరమీద ఒకదానిలో ఒకటి కలిపి, నలభై ఏళ్ల మగవాణ్ణి తయారుచేసింది. హెల్దుర్ రైద్మా, ఖాతాదారుల సంబంధాలు. ఒక మెయిల్ చిరునామా కూడా ఇచ్చారు.

మొదట్లో అతను బాగా పనికొచ్చాడు. కాదనవలసినవన్నీ హెల్దుర్ పేరున కాదనేవారు. తార్వో ఆలస్యంగా వచ్చిన రోజున నీకంటే హెల్దురే నయం, వేళకు వస్తాడు అని ఏహా దెప్పేది. వాడికి పెళ్లాం లేదు, నాకూ లేకపోతే నేనూ వచ్చేవాణ్ణి అని తార్వో అనేవాడు. అతని విడాకులు అప్పటికే పాతబడ్డాయి కాబట్టి ఇద్దరూ నవ్వేవారు.

2018 ఫిబ్రవరిలో ఒళ్లు నొప్పులకు బురద స్నానాలు చేయించే వసతిగృహం నడిపే ఊర్వే ఫోన్ చేసింది. గదుల బుకింగు పేజీ బాగుపడిందని, నిన్న మనిషిని పంపినందుకు సంతోషమని చెప్పింది. ఎవరిని పంపామని ఏహా అడిగింది.

“మీ హెల్దుర్‌నే. రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. ఒక మాట అడగనా ఏహా గారూ, ఆయన మీ తమ్ముడా, తార్వో గారి తమ్ముడా? చూస్తే తేల్చుకోలేకపోయాను.”

కోటు నీళ్లోడుతోందని, అంత తడి ఉన్నికి వాసనే లేకపోవడం వింతగా అనిపించిందని కూడా ఊర్వే చెప్పింది. తార్వో తాను వెళ్లలేదన్నాడు. ఏహా నమ్మింది, అప్పటికి.

ప్రతి మార్పును ఎవరు, ఏ రోజు, ఏ నిమిషాన చేశారో రాసిపెట్టే చిట్టా ఒకటి వాళ్ల దగ్గర ఉండేది. వేసవి నాటికి అందులో మూడో పేరు కనిపించసాగింది. పని బాగుంది. అదే ఇబ్బంది. మనిషికి దస్తూరీ ఉన్నట్టే ప్రోగ్రాములు రాసే చేతికీ ఒక తీరుంటుంది. ఏహా వరుసలు పుల్ల పెట్టి కొలిచినట్టు ఉంటాయి. తార్వో తాను మార్చిన చోటల్లా గొణుక్కున్నట్టు ఒక చిన్న మాట వదిలిపెడతాడు. హెల్దుర్ పేరున ఉన్నవాటిలో కొలిచిన వరుసలూ ఉన్నాయి, గొణుగుడూ ఉంది. ‘ఇక్కడ తడబడుతోంది, పాపం’ అని ఒకచోట. ‘ఇది ఏహాకు నచ్చదు’ అని ఇంకొకచోట.

ఆమె ఆ పేరును తొలగించింది. మర్నాడు ఉంది. పాస్‌వర్డులన్నీ మార్చి ఎవరికీ చెప్పలేదు. తర్వాతి మంగళవారం, పదకొండు గంటల అయిదు నిమిషాలకు, మళ్లీ ఉంది. తన చేతి తీరు ఎరిగినవాడు, పక్క బల్ల నుంచి తన వేళ్లను చూడగలవాడు లోకంలో ఒక్కడే. నవంబరులో ఒక మధ్యాహ్నం, అతను రై రొట్టెకు వెన్న రాసుకుంటుండగా, ఇదంతా నీ పనేనని ఆమె అనేసింది.

తార్వో కత్తి కింద పెట్టాడు. “నువ్వు నిజంగానే అంటున్నావా?”

“ఇంకెవరున్నారు ఇక్కడ?”

“అదే నేనూ ఇన్నాళ్లుగా అనుకుంటున్నాను. నువ్వేమోనని. అయినా అడగలేదు, చూడు.”

ఆ వారమే అతను తాళంచెవి బల్లమీద పెట్టి, తార్తు నగరానికి వెళ్లిపోయాడు. ఏహాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చలికి మొద్దుబారిన వేలితో బట్ట తడిమినట్టు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, ఏదీ అంటడం లేదు. రోజూ తొమ్మిదికి వచ్చేది. అయిదుకు వెళ్లేది. చిట్టాలో హెల్దుర్ పని సాగుతూనే ఉంది. తార్వో దూరం నుంచి చేస్తున్నాడని ఆమె నిర్ధారించుకుంది.

2019 జనవరి 17, గురువారం. నాలుగున్నరకే కిటికీ అవతల నల్లబడింది. అఖాతం మీది పొగమంచు వీధిలోకి జరిగి, ఎదుటి దీపాన్ని మింగేసింది. పైకప్పు మీది తడి మంచు జారి పడుతోంది... ఆగుతోంది... మళ్లీ జారుతోంది. పొయ్యిలో కట్టె ఆరిపోయి చాలాసేపైంది. ఏహా ‘మా బృందం’ పేజీ తెరిచింది. మూడో ఫొటోను ఎంచింది. తీసేసింది.

అప్పుడు గమనించింది. గదిలో పొగ వాసన లేదు. ఉన్ని వాసన లేదు. ఏ వాసనా లేదు.

ఫోన్ మోగింది.

“ఏహా గారూ,” ఊర్వే గొంతు తగ్గించి మాట్లాడుతోంది. “మీవాడు వచ్చాడు. నా ఎదురుగానే ఉన్నాడు. మీతో మాట్లాడాలట.”

ఫోన్ చేయి మారింది. ఊపిరి చప్పుడేమీ లేదు.

“ఏహా... నువ్వు అలసిపోయావు. ఇంటికి వెళ్లు. మిగతాది నేను చూసుకుంటాను.”

గొంతు తార్వోదే. మాటకూ మాటకూ మధ్య ఆగే తీరు మాత్రం... ఆమెది.

“చాలించు, తార్వో.”

“తార్వో ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేడు.”

ఆమె ఫోన్ పెట్టేసింది. కప్పు కడిగింది. కోటు తొడుక్కుంది. చెప్పినట్టే ఇంటికి వెళ్లింది.

మరుసటి వారం శుక్రవారం నాడు తార్వో చెల్లెలు లెయిలి మెట్లెక్కి వచ్చింది. స్టాక్‌హోమ్‌లో ఉంటుంది, ఆ మంగళవారమే పడవ దిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు. అన్నయ్య గుండె ఎప్పటినుంచో బాగాలేదని, ఎవరికీ చెప్పనివ్వలేదని అంది. 17న మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా తార్తులో ఆపరేషను బల్ల మీదే ఉన్నాడట. తర్వాత కళ్లు తెరవలేదు. శనివారం పోయాడు.

ఏహా పన్నెండు నుంచి ఆరు దాకా వేళ్లమీద లెక్కపెట్టింది. నాలుగున్నర ఆ మధ్యలోనే ఉంది. మరి అతను కాదు. ఎప్పుడూ కాదు. ఈ ఒక్క జవాబు కోసం తాను సంవత్సరం వేచింది. అది వచ్చి ఎదురుగా నిలబడితే, లోపల ఏదో కదలాలి కదా అని చూసింది.

“నిన్ను ఒకటి అడగాలని వచ్చాను, ఏహా,” అంది లెయిలి. “నేను ఆసుపత్రికి వెళ్లేసరికి అన్నయ్య బట్టలు లేవు. మీ ఆఫీసు ఆయన తీసుకెళ్లాడన్నారు. పాతిపెట్టేటప్పుడు తన కోటైనా వెయ్యాలనుకున్నాను. ఆయన్ను అడిగి ఇప్పిస్తావా?”

“ఎలా ఉన్నాడన్నారు?”

“అచ్చం అన్నయ్యలాగే ఉన్నాడని నర్సు అంది. అసలు అన్నదమ్ములే అనుకుందట. కళ్లు మాత్రం...”

లెయిలి ఏహా కళ్లలోకి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, సంచిలోంచి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రసీదు నకలు తీసి, బల్ల అంచున పెట్టి, తలుపు వేయకుండానే మెట్లు దిగిపోయింది.

ఆ కాగితం ఇప్పటికీ ఉంది. సంతకం ఉన్నచోట అక్షరాలు పుల్ల పెట్టి కొలిచినట్టు ఉన్నాయి. మృతుడి వస్తువులు స్వీకరించినవారు: హెల్దుర్ రైద్మా, సహోద్యోగి. 2019 జనవరి 21, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు.